స్లీప్ ఆప్నియా శస్త్రచికిత్సలో కంప్యూటర్ సిమ్యులేషన్

నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి దారి మూసుకుపోయి, ఊపిరి పదేపదే ఆగే జబ్బు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. దీనికి ఆపరేషన్ తలపెట్టినప్పుడు రోగి స్కాన్ ఆధారంగా అతడి గొంతును కంప్యూటర్లో త్రిమితీయంగా కట్టి, అందులో గాలి పారించి, ఎక్కడ కోస్తే దారి ఎంత తెరుచుకుంటుందో కత్తి పట్టకముందే లెక్కగట్టే పద్ధతి ఈ శతాబ్దం మొదటి దశకంలో రూపుదిద్దుకుంది. విమానం రెక్కల మీద, జెట్ ఇంజన్ల లోపల గాలి పోకడను లెక్కించే కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ దీనికి ఆధారం. పరిశోధకులు దాన్ని సీఎఫ్‌డీ అని పొట్టిగా పిలుస్తారు. పరిశోధనా పత్రాల్లో ఈ పద్ధతి వయసు ఇరవయ్యేళ్లు. మామూలు ఆసుపత్రిలో మాత్రం ఇది ఇంకా రోజువారీ పని కాలేదు. ఎందుకు కాలేదన్నది కూడా ఈ వ్యాసంలో భాగమే.

జబ్బు, దాని కొలత

ఇంట్లోవాళ్లకు ముందుగా తెలిసేది గురక. గురక పెడుతున్నాడంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టిందని మన ఇళ్లలో ఒక నమ్మకం. ఆప్నియా రోగి విషయంలో అది శుద్ధ తప్పు. గురక సాగుతూ సాగుతూ చటుక్కున ఆగుతుంది. ఛాతీ, పొట్ట ఎగసిపడుతుంటాయి గాని ముక్కులో గాలి ఆడదు. కాసేపటికి మనిషి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి అందుకుంటాడు. మెదడు కొద్దిగా మేలుకుంటే తప్ప గొంతు తెరుచుకోలేదన్నమాట. తెల్లారేలోపు ఇలా వందలసార్లు జరిగినా రోగికి ఏదీ గుర్తుండదు. కూర్చున్నచోట కునుకు, పొద్దున్నే తలనొప్పి, మందులకు లొంగని రక్తపోటు మాత్రం మిగులుతాయి.

ఊపిరి పది సెకన్లు, అంతకు మించి ఆగితే ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గి, దానితోపాటు రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా నిద్ర చెదిరినా హైపాప్నియా అంటారు. గంటకు ఈ రెండూ కలిపి ఎన్నిసార్లు వస్తాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. తీవ్రమైన రోగికి సగటున రెండు నిమిషాలకోసారి ఊపిరికి గండం. ఈ అంకె తేలాలంటే రాత్రంతా మెదడు తరంగాలు, ఆక్సిజన్, గాలి ప్రవాహం, ఛాతీ కదలికలు నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ అనే నిద్ర పరీక్ష కావాలి.

లావుపాటివాళ్లు పగలు కునికిపాట్లు పడటం ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఛార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన పిక్‌విక్ పేపర్స్‌లో ఎక్కడపడితే అక్కడ నిద్రపోయే జో అనే కుర్రాడున్నాడు. 1956లో అమెరికా వైద్యులు ఒక లక్షణ సముదాయానికి ఆ నవల పేరే పెట్టారు. నిద్రలో ఊపిరాగడాన్ని యంత్రాలతో నమోదు చేసి చూపింది 1965లో ఫ్రెంచి, జర్మన్ పరిశోధకులు. స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అన్న పేరు 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియాన్ గిలెమినో బృందంతో స్థిరపడింది. మన దేశంలో ముంబైలో 35 నుంచి 65 ఏళ్ల మగవాళ్ల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో 19.5 శాతం మందికి నిద్రలో శ్వాస దోషం ఉన్నట్టు, 7.5 శాతం మందికి పగటి మత్తుతో కూడిన పూర్తి జబ్బు ఉన్నట్టు తేలింది. ఆసియా వాసుల్లో ఒళ్లు అంతగా లేకపోయినా కింది దవడ చిన్నదిగా, వెనక్కి ఉండటం వల్ల ఈ జబ్బు రావడం కద్దు.

కత్తి చరిత్ర

పెద్దవాళ్లకు మొదటి చికిత్స ఆపరేషన్ కాదు. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ రూపొందించిన సీపాప్ యంత్రం ముక్కు మీద మాస్క్ ద్వారా స్వల్ప పీడనంతో గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. పెట్టుకుంటే పనిచేస్తుంది. రోజూ రాత్రి ముఖానికి తగిలించుకుని పడుకోలేక అటక ఎక్కించేవాళ్లు తక్కువేమీ కాదు. అలాంటివాళ్ల దగ్గరే ఆపరేషన్ మాట వస్తుంది.

అన్నిటికన్నా నిక్కచ్చిగా పనిచేసే ఆపరేషన్ అన్నిటికన్నా పాతది: మెడకు రంధ్రం చేసి శ్వాసనాళంలో గొట్టం పెట్టే ట్రాకియాస్టమీ. 1969లో జర్మనీలో ఈ జబ్బుకు వాడారు. గొంతు ఎక్కడ మూసుకుపోయినా గాలి దాని కిందనుంచే పోతుంది కాబట్టి తిరుగులేదు. కాని మెడలో గొట్టంతో బతకడానికి ఎవరు ఇష్టపడతారు? గురక కోసం జపాన్‌లో ఇకెమాట్సు అంతకు ముందే, 1964లో, అంగిలి మీద చేసిన ఆపరేషన్‌ను ఆధారం చేసుకుని షిరో ఫుజిటా 1981లో అమెరికాలో యూపీపీపీని ప్రవేశపెట్టాడు. కొండనాలుకను, మెత్తని అంగిలి అంచును, టాన్సిళ్లను తీసి, మిగిలినదాన్ని బిగించి కుట్టడం ఇందులో పని. పదిహేనేళ్లు వేలమందికి చేశాక, 1996లో షెర్ బృందం ఫలితాలన్నీ పోగేసి చూస్తే విజయం 40.7 శాతం. అందులోనూ విజయమంటే ఏహెచ్ఐ సగానికి తగ్గి 20 లోపుకు రావడమే. 60 ఉన్నవాడికి 19కి వస్తే లెక్కలో గెలుపే, ఒంట్లో మాత్రం జబ్బు ఇంకా మధ్యస్థంగా ఉంది. కొందరికి మింగిన నీళ్లు ముక్కులోంచి రావడం, గొంతు ఎండిపోవడం, మాట మారడం అదనం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత వైద్య పత్రికల్లోకి ఎక్కలేదు గాని ఎక్కదగ్గదే.

తప్పు కత్తిది కాదు, చోటుది. గొంతు ఒక్కచోటే మూసుకుపోదు. మెత్తని అంగిలి వెనక, గొంతు పక్కగోడల దగ్గర, నాలుక మొదట్లో, ఉపజిహ్విక దగ్గర, ఎక్కడైనా కావచ్చు. చాలామందిలో రెండు మూడు చోట్ల. నాలుక వెనక్కి పడేవాడికి అంగిలి కోస్తే ఏం లాభం? ఆ చోటు కనిపెట్టడానికి 1991లో ఇంగ్లండ్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ మత్తుతో నిద్ర తెప్పించి ముక్కులోంచి సన్నని కెమెరా దించి చూసే పద్ధతి చెప్పారు. డైస్ అని పిలిచే ఆ పరీక్ష ఈనాటికీ శస్త్రవైద్యుల ప్రధాన ఆధారం. అంతకన్నా చౌకైన దారి 2002లో ఫ్రీడ్‌మన్ చూపాడు: నోరు తెరిపించి టాన్సిళ్ల సైజు, నాలుక ఎత్తు చూసి, శరీర బరువు సూచిక కలిపి రోగులను దశలుగా విడదీశాడు. మొదటి దశవాళ్లలో యూపీపీపీ విజయం దాదాపు 80 శాతం, మూడో దశలో 8 శాతం. టార్చిలైటు వెలుగులో ఇంత తేడా తెలిసిపోతున్నప్పుడు, కంప్యూటర్ ఆ టార్చిలైటుకన్నా ఎంత ఎక్కువ చెబుతుందన్నదే సిమ్యులేషన్‌కు అసలు పరీక్ష. ఈ రంగంలో రాసేవాళ్లు ఈ పోలిక తెచ్చుకోవడం తక్కువ.

పెద్ద ఆపరేషన్ పై దవడను, కింది దవడను కోసి సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి టైటానియం ప్లేట్లతో బిగించేది. దవడలతోపాటు అంగిలి, నాలుక కూడా ముందుకొచ్చి గొంతు పొడుగునా వెడల్పవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో రైలీ, పవెల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. 2010లో వచ్చిన సమీక్షలో పైన చెప్పిన కొలత ప్రకారం విజయం 86 శాతం, ఏహెచ్ఐ 5 లోపుకు దిగినవాళ్లు 43 శాతం. 2014లో అమెరికా అనుమతి పొందిన నాలుక నరాల ప్రేరణ పరికరం మరో దారి. అంగిలి దగ్గర గొంతు చుట్టూతా ముడుచుకుపోయేవాళ్లకు అది పనికిరాదు కాబట్టి దానికీ ముందు చోటు తెలియాలి. పిల్లల సంగతి వేరు. వాళ్లకు టాన్సిళ్లు, అడినాయిడ్లు తీయడమే మొదటి చికిత్స. 464 మంది పిల్లల మీద జరిగి 2013లో వెలువడిన చాట్ పరీక్షలో ఆపరేషనైన వారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలైంది. ఆపరేషన్ లేకుండా వేచి చూసినవారిలోనూ 46 శాతం మందికి అయింది.

గొంతులో గాలి లెక్క

ముక్కుకు ఎముక, మృదులాస్థి కాపు. శ్వాసనాళానికి మృదులాస్థి ఉంగరాలు. ఈ రెండింటి నడుమ అంగిలి వెనకనుంచి స్వరపేటిక దాకా ఉన్న చిన్న గొట్టానికి అలాంటి దన్ను లేదు. మాట్లాడటానికీ మింగడానికీ అది మెత్తగా ఉండాలి. మెలకువలో కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి, నిద్రలో సడలిస్తాయి.

పీల్చే ఊపిరి వేగం నిమిషానికి 30 లీటర్లకు చేరిందనుకుందాం. సెకనుకు అర లీటరు. దారి ఒక చదరపు సెంటీమీటరు ఉన్నచోట గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో కదులుతుంది. ఆ వేగం అందుకోవడానికి అది కోల్పోయే పీడనం 15 పాస్కల్‌లు, నీటి మట్టంలో చెబితే సెంటీమీటరులో ఆరో వంతు కూడా లేదు. అదే దారి పావు చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోతే వేగం 20 మీటర్లు, పీడనం తగ్గేది 240 పాస్కల్‌లు, అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్ల నీటి మట్టం. వైశాల్యం నాలుగో వంతయితే లాగుడు పదహారు రెట్లు. ఆ లాగుడుకు మెత్తని గోడ ఇంకా లోపలికి వస్తుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. ఇరుకు దాటాక గాలి సన్నని ధారగా దూసుకుపోయి సుడులు తిరుగుతుంది. అంగిలి ఆ సుడుల్లో కొట్టుకుంటే వచ్చేదే గురక.

కర్ణాటకలో ఒకప్పుడు బంగారు గనులు నడిచిన కోలారు సీమకు ఇలాంటి ఇరుకు దారుల్లో గాలి లెక్క పరాయిది కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికొచ్చి 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత కిందికి గాలి పంపడమంటే ఏ సొరంగం ఎంత అడ్డుపడుతుందో, ఏ తలుపు మూస్తే గాలి ఎటు మళ్లుతుందో ముందే లెక్కగట్టడం. గని సొరంగంలో పీడన నష్టం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఇంగ్లండ్‌లో అట్కిన్సన్ 1854లో చెప్పాడు. ఊపిరి దారుల్లో నిరోధానికి 1915లో రోరర్ ఇచ్చిన సూత్రంలో ప్రవాహానికి ఒక పదం ఉంటే, దాని వర్గానికి ఇంకో పదం ఉంది. ఆ రెండోది అట్కిన్సన్ మాటే. లోతు పెరిగేకొద్దీ రాతి ఒత్తిడికి సొరంగాలు పేలినట్టు కూలే రాక్‌బర్స్ట్‌లు కేజీఎఫ్‌ను దశాబ్దాలు వేధించాయి. రాతి యాంత్రిక శాస్త్రానికి జాతీయ సంస్థను 1988లో అక్కడే పెట్టడానికి ఆ చరిత్రే కారణం. కూలే చోటు కంటికి పగులు కనబడే చోటు కానక్కర్లేదని, ఒత్తిడి ఎక్కడ పేరుకుంటుందో లెక్క తీయాలని గని ఇంజనీర్లు నేర్చుకున్నారు. గొంతు దగ్గర శస్త్రవైద్యులు నేర్చుకున్నదీ అదే. ముక్కు బిగుసుకుపోతే దాని లాగుడు కింద అంగిలి దగ్గర పడుతుంది. కెమెరాకు కదిలేది అంగిలి, కారణం ముక్కులో. అలాగని ముక్కు ఒక్కటే బాగుచేస్తే ఆప్నియా పెద్దగా తగ్గదని అనుభవం చెబుతోంది. సీపాప్ మాస్క్ తట్టుకోవడం మాత్రం తేలికవుతుంది.

స్కాన్ నుంచి జవాబు దాకా

ముందు సీటీ గాని ఎంఆర్ఐ గాని తీస్తారు. సీటీలో గాలి విలువ మైనస్ 1000 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల దగ్గర, మెత్తని కండ సున్నాకు కాస్త పైన ఉంటుంది. ఈ తేడా పట్టుకుని సాఫ్ట్‌వేర్ పొర పొరకూ గాలి ఉన్న భాగాన్ని విడదీసి, అన్నీ పేర్చి గొంతు లోపలి ఆకారం పోతపోసినట్టు తీస్తుంది. చెప్పడం తేలిక, చేయడం కాదు. ముక్కులో సన్నని సందులు, కఫం, పళ్లలో నింపిన లోహపు మెరుపులు అన్నీ చేత్తో దిద్దాలి. ఆ చేయి ఎవరిదన్నదాన్ని బట్టి ఇరుకు కొలత మారుతుంది, ఇరుకు కొలత కొద్దిగా మారితే పీడనం ఎంత మారుతుందో పైన చూశాం.

ఆకారాన్ని లక్షల చిన్న గళ్లుగా చీలుస్తారు. గోడల దగ్గర, ఇరుకుల్లో గళ్లు మరీ చిన్నవి. ఒక కొసన ప్రవాహమో పీడనమో ఇచ్చి, ప్రతి గడిలో నావియే, స్టోక్స్ సమీకరణాలు సాధిస్తారు. ఈ సమీకరణాల పునాది 1822, 1845 సంవత్సరాలది. లెక్కకట్టే శక్తి మాత్రం మన కాలంలో వచ్చింది. సుడులను సగటుగా పట్టే నమూనాలు గంటల్లో జవాబిస్తాయి. పెద్ద సుడులను నేరుగా లెక్కించే లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్‌కు ఎక్కువ సమయం, పెద్ద యంత్రం కావాలి. ఆన్సిస్ ఫ్లూయెంట్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లతోపాటు ఓపెన్‌ఫోమ్, త్రీడీ స్లైసర్ లాంటి ఉచితమైనవీ ఉన్నాయి.

చివరికి వచ్చేది రంగుల బొమ్మ. పీడనం ఎక్కడ పడిపోయింది, గాలి ఎక్కడ దూసుకుపోయింది, గోడను ఎక్కడ రాసుకుంటోంది అన్నీ కనబడతాయి. ఆ తర్వాతే వర్చువల్ ఆపరేషన్. కంప్యూటర్లో అంగిలి అంచు కొంత చెరిపి మళ్లీ గాలి పారిస్తారు. టాన్సిళ్లు తీసి పారిస్తారు. దవడ 5 మిల్లీమీటర్లు జరిపి, 10 జరిపి చూస్తారు. నిజం రోగి మీద ఒక్కసారే చేయగలిగిన పనిని ఇక్కడ పదిరకాలుగా చేసి పోల్చవచ్చు.

సిన్సినాటి నుంచి

ఈ రంగంలో ఎక్కువ పని జరిగిన చోట్లలో అమెరికాలోని సిన్సినాటి ఒకటి. అక్కడి విశ్వవిద్యాలయంలో ఎఫ్రాయిమ్ గట్‌మార్క్ ఏరోస్పేస్ ఆచార్యుడు, జెట్ ఇంజన్ల రొద మీద పనిచేసినవాడు. ఇరుకు దాటి దూసుకొచ్చే గాలి ధార ఆయనకు పాత పరిచయమే. ఆ బృందం పత్రాల్లో మొదటి పేరుగా కనిపించే గౌతమ్ మైలవరపు తెలుగు పాఠకుడి కంట పడక మానడు. 2009లో జర్నల్ ఆఫ్ బయోమెకానిక్స్‌లో ఆయన ముఖ్య రచయితగా వచ్చిన పత్రం ఈ రంగానికి కావలసిన మొదటి మెట్టు వేసింది. స్కాన్ నుంచి గొంతు నమూనాను నిజంగా తయారుచేసి, అందులో గాలి పంపి, గోడల మీద రంధ్రాల దగ్గర పీడనం కొలిచి, కంప్యూటర్ చెప్పినదానితో పోల్చారు. సుడులకు వాడిన పద్ధతుల్లో కె-ఒమేగా నమూనా కొలతలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది. ఆ దగ్గరలో కూడా సగటున సుమారు 20 శాతం తేడా ఉంది. ఇంత నిజాయితీగా తేడాను అచ్చువేసిన పత్రం కాబట్టే దానికి విలువ.

2011లో అదే బృందం, స్టాన్‌ఫర్డ్ శస్త్రవైద్యుడు నెల్సన్ పవెల్‌తో కలిసి, ఆప్నియా రోగి గొంతులో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా గాలి పోకడను లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్‌తో పోల్చింది. 2013లో మైలవరపు, మిహయెస్కు, గట్‌మార్క్ తదితరులు రాసిన పత్రం పేరే మనిషి ఎగువ శ్వాసదారి ఆపరేషన్‌ను సీఎఫ్‌డీతో ప్రణాళిక చేయడం. అందులోని రోగికి ఆప్నియా కాదు, స్వరపేటిక దగ్గరా దాని దిగువనా దారి ఇరుకు. ఏ ఇరుకును వెడల్పు చేయాలి, ఒకటా రెండూనా అన్న శస్త్రవైద్యుడి ప్రశ్నను కంప్యూటర్లో విడివిడి ఆపరేషన్లుగా చేసి చూశారు. ఆప్నియా ప్రణాళికకూ ఇదే అచ్చు. 2016లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద వచ్చిన పత్రం దాన్ని కష్టమైన చోట ప్రయోగించింది. ఆ పిల్లల్లో టాన్సిళ్లు తీశాక కూడా ఆప్నియా మిగిలిపోవడం ఎక్కువ, తర్వాత ఏం చేయాలన్నది ఎప్పుడూ చిక్కే. అది సాధ్యాసాధ్యాలు చూసే చిన్న అధ్యయనమని రచయితలే పేరులో చెప్పుకున్నారు.

మిగతా చోట్ల పని వేర్వేరు దారుల్లో నడిచింది. ఫిలడెల్ఫియాలో 2006లో ఆప్నియా పిల్లల గొంతులను సీఎఫ్‌డీతో చూశారు. బెల్జియంలో డి బాకర్ బృందం 2007లో కింది దవడను ముందుకు లాగే నోటి పరికరం ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పవచ్చా అని కొద్దిమంది రోగుల మీద పరిశీలించింది. అదే ఏడాది బోస్టన్‌లో హువాంగ్, వైట్, అతుల్ మల్హోత్రా గాలిని కాక కండనే ముందు పెట్టారు: అంగిలి, నాలుక ఎంత మెత్తనో లెక్కలో పెట్టి, ఏ ఆపరేషన్ తర్వాత గొంతు కూలడం కష్టమవుతుందో చూశారు. నా దృష్టిలో అసలు ప్రశ్నకు దగ్గరగా పోయింది ఈ బోస్టన్ దారే.

ఎముక ప్రణాళిక వేరు, గాలి ప్రణాళిక వేరు

ఈ రెండూ ఒకటే అనుకునే పొరపాటు ఆసుపత్రి ప్రకటనల పుణ్యాన ఎక్కువగా జరుగుతోంది. దవడ ఆపరేషన్‌కు కంప్యూటర్లో ఎముకలు కోసి, జరిపి, పళ్లు సరిగ్గా కలిసేలా చూసి, ఆ కొలతలతో త్రీడీ ప్రింటర్ మీద కోత గైడ్లు, పళ్ల మధ్య పెట్టే స్ప్లింట్లు తయారుచేయడం ఇప్పుడు దవడ శస్త్రవైద్యుల మామూలు పని. అది జ్యామితి. ఎముక ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది, వెళ్లాక రోగి నిద్రలో ఊపిరి తీస్తాడో లేదో చెప్పదు. గొంతు ఎన్ని ఘన సెంటీమీటర్లు పెరిగిందో చూపే బొమ్మ కూడా గాలి లెక్క కాదు. మొత్తం పరిమాణం పెరిగి ఇరుకు అలాగే ఉండవచ్చు. గాలి లెక్క పరిశోధనలోనే ఉంది.

నమూనాకు తెలియనివి

రోగి స్కాన్ తీసేటప్పుడు మేలుకునే ఉంటాడు. జబ్బేమో నిద్రలోది. కోన్ బీమ్ సీటీల్లో చాలా వాటికి కూర్చోబెట్టి తీస్తారు, ఆప్నియా పడుకున్నప్పుడు ముదురుతుంది. మేలుకుని కూర్చున్న గొంతుకు చేసిన లెక్క పడుకుని నిద్రపోతున్న గొంతుకు వర్తిస్తుందని అనుకోవడం పెద్ద సాహసం. అందుకే సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలాంటి చోట్ల మత్తులో ఉండగా తీసిన కదిలే ఎంఆర్ఐ చిత్రాల నుంచి గోడల కదలికను తీసుకుని సిమ్యులేషన్‌కు అందిస్తున్నారు.

రెండోది గోడ. తొలి పత్రాలు చాలావరకు గొంతును గాజు గొట్టంలా బిగువుగా భావించాయి. గాజు గొట్టం కూలదు కాబట్టి ఆప్నియా అందులో రానే రాదు. వచ్చేది ఇరుకు, పీడనం మాత్రమే. గోడ, గాలి ఒకదాన్నొకటి కదిపేలా రెండింటినీ కలిపి లెక్కించే పద్ధతులున్నాయి. వాటికి ప్రతి రోగి కండ ఎంత గట్టిదో తెలియాలి, బతికున్న మనిషి నాలుకను ఎవరు నొక్కి కొలుస్తారు? పుస్తకాల్లోని సగటు విలువలు వేస్తారు. అప్పుడు లెక్కలోని గొంతు సగం రోగిది, సగం పుస్తకంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గొంతులో లేదు. ఎకర్ట్, మల్హోత్రా ప్రభృతులు 2013లో చూపినట్టు, ఆప్నియా రోగుల్లో మూడింట ఒక వంతుకు అటూ ఇటూగా మందికి నిద్రలో నాలుక కండరం సరిగా స్పందించదు, దాదాపు అంతేమందికి చిన్న అంతరాయానికే మెలకువ వచ్చేస్తుంది, ఇంకో మూడో వంతు మందిలో మెదడులోని శ్వాస నియంత్రణే అతిగా ఊగిసలాడుతుంది. ఈ వర్గాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి. గొంతు ఎంత చక్కగా తెరిచినా ఇలాంటివాళ్లలో ఏహెచ్ఐ ఆశించినంత దిగదు. సీఎఫ్‌డీకి ఈ సంగతులు కనబడే దారి లేదు. మచ్చ కట్టాక కండ ఎలా ముడుచుకుంటుందో కూడా దానికి తెలియదు.

అయినా దీన్ని కొట్టిపారేయనక్కర్లేదు. ఫలానా ఆపరేషన్‌తో జబ్బు పోతుందని కంప్యూటర్ హామీ ఇవ్వలేదు. ఫలానా ఆపరేషన్‌తో ఇరుకు మీద పీడనం కదలనే కదలదని మాత్రం నమ్మకంగా చెప్పగలదు. గొంతును ఊహలో కోసినా పెద్ద మార్పు రానప్పుడు, నిజంగా కోసి ఏం సాధిస్తారు? నలభై శాతం విజయమున్న ఆపరేషన్ చరిత్రలో, పనికిరాని కోతను ఆపడం చిన్న ఉపకారం కాదు. ఈ పద్ధతి మొదట నిలదొక్కుకోవలసింది ఇక్కడేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కోలారు సీమలో

ఈ లెక్క మామూలు ఊరి రోగిని చేరాలంటే ఏం కావాలో ఇందాకటి గనుల సీమలోనే చూద్దాం. కన్నడ కథకుడు మాస్తి వెంకటేశ అయ్యంగారి పేరులో నిలిచిన మాస్తి, కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని ఊరు. చుట్టుపక్కల ముళబాగిలు, శ్రీనివాసపుర, బంగారుపేట దాకా కన్నడంతోపాటు తెలుగు ఇళ్లలో మాట్లాడే సీమ ఇది. జిల్లా కేంద్రం పక్కన టమకలో 1986లో మొదలైన శ్రీ దేవరాజ్ అర్స్ వైద్య కళాశాల, దాని ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి ఇక్కడి పెద్ద బోధనాసుపత్రి. నిద్ర పరిశోధనకు పేరున్న నిమ్హాన్స్ బెంగళూరులో ఉంది. అంటే మాస్తి రైతుకు కంప్యూటర్ దూరం కాదు. సీటీ ఫైలు క్షణాల్లో ఎక్కడికైనా పోతుంది, లెక్క ఏ ఊళ్లోనైనా జరుగుతుంది. దూరమైనది రాత్రంతా ఒక మంచం, ఒక యంత్రం, తెల్లారి దాన్ని చదివే మనిషి. అది లేకుండా తీసిన రంగుల బొమ్మ ఏ ప్రశ్నకు జవాబో ఎవరికీ తెలియదు.

ఈ సీమకు ప్రత్యేకంగా తగిలే రోగులు ఇద్దరు. గనుల్లో రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్న పాత గని కార్మికుడు మొదటివాడు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ కాబట్టి గొంతు కాసేపు మూసుకున్నా అతడి రక్తంలో ఆక్సిజన్ లోతుగా పడిపోతుంది. గొంతు నమూనా ఈ ఊపిరితిత్తులను చూడదు. ఆపరేషన్ టేబుల్ మీద మత్తు డాక్టరుకు మాత్రం అవే ముఖ్యం. రెండో రోగి పిల్లవాడు. చిన్నప్పుడు గడ్డం మీద పడి, దవడ కీలు అతుక్కుపోయి, నోరు తెరుచుకోక, కింది దవడ ఎదగక, ముఖం పక్షి ముఖంలా లోపలికి పోయిన పిల్లలు మన దేశంలో ఇప్పటికీ వైద్యుల దగ్గరికి వస్తుంటారు. నాలుకకు చోటు లేక వీళ్లలో ఆప్నియా తీవ్రంగా ఉంటుంది. మెకార్తీ బృందం మనుషుల కింది దవడకు వాడి 1992లో ప్రచురించిన డిస్ట్రాక్షన్ పద్ధతిలో ఎముకను కోసి, మర తిప్పుతూ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆపాలన్నది ఇక్కడ నిజమైన ప్రశ్న, జవాబు అంకెలో చెప్పగలిగిన ప్రశ్న. సాగదీసేది ఎముక కాబట్టి దాన్ని కంప్యూటర్ బాగా పట్టుకుంటుంది. ఖరీదైన మధ్యవయసు గురకకన్నా ఈ పిల్లల దగ్గర సిమ్యులేషన్ ఎక్కువ పనికొస్తుంది. మన వైద్య కళాశాలలు, ఇంజనీరింగ్ కళాశాలలు కలిసి మొదలుపెట్టదగ్గ పని ఏదైనా ఉంటే ఇదే.

గొంతు ఆపరేషన్ గురించి ఎవరైనా మాటెత్తితే పెద్దవాళ్లు ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. సీపాప్‌ను కొన్నాళ్లయినా నిజంగా వాడి చూడాలి. కంప్యూటర్ బొమ్మ చూపిస్తే, అది ఎముక జరుపుడు బొమ్మా గాలి లెక్కా అని అడగండి. ఆపరేషనైన ఆరు నెలలకు అదే నిద్ర పరీక్ష మళ్లీ చేయించి, ముందు అంకె, తర్వాతి అంకె పక్కపక్కన రాసివ్వమనండి.